అర కిలో బరువు – ఆరు నెలల శ్రమ

మినీ సుమో పోటీలో రోబో బరువు 500 గ్రాములు, పొడవు, వెడల్పు 10 సెంటీమీటర్లు దాటకూడదు. 77 సెంటీమీటర్ల గుండ్రని బరి నుంచి ఎదుటి రోబోను బయటికి నెట్టాలి.

మా నలుగురి కాస్మెటిక్ చార్జీలు ఆరు నెలలు కూడబెడితే ఒక్క రోబోకే సామాన్లు వచ్చాయి. పాడైతే మళ్లీ కొనలేం. అందుకే ప్రతి భాగాన్నీ కిరాణా కొట్టు కాటాలో తూచి, అట్టముక్క మీద దాని చోటు ముందే గీసుకున్నాం.

బరువైన మోటార్లు, బ్యాటరీ అడుగున. తేలికైన సర్క్యూట్ బోర్డు పైన. తెల్లటి అంచును పసిగట్టే సెన్సార్లు ముందు భాగం కింద. బరువు ఎత్తులో ఉంటే ఢీకొన్నప్పుడు రోబో తిరగబడుతుంది. చక్రాల మీద బరువు పడితేనే పట్టు దొరుకుతుంది. అలాగని ముందున్న రేకు నేలను అంటకపోతే ఎదుటి రోబో దాని కిందికి దూరి మనల్ని లేపేస్తుంది. పాఠంలో చదివిన గరిమనాభిని పెన్సిల్ మీద రోబోను నిలబెట్టి కనిపెట్టాం. అది చక్రాలకు దగ్గరగా వచ్చేదాకా బ్యాటరీని కొద్దికొద్దిగా జరిపాం. మిగిలిన 40 గ్రాములకు చేపల వలకు కట్టే సీసం గుండ్లు చక్రాల పక్కన బిగించాం.

కొన్న కిట్లతో వచ్చినవారి మధ్య మూడు ఆటల్లో రెండు గెలిచాం. తమ్ముళ్లారా! ఆ రోబో స్టడీ రూములోనే ఉంది. విప్పి చూడండి, మాకంటే మంచిది చేయండి.