కలుగులో పొగ

రేపల్లె కాలువల వెంబడి వరి కోతలు మొదలైతే మాకు పని దొరికినట్టే. కలుగు ముందు కుండ పెట్టి, లోపల గడ్డి రాజేసి ఊదుతాం. పొగకి ఎలుక సోలిపోతుంది. యానాదులం, పొగ సంగతి మాకొకరు చెప్పాలా? అయినా మా పేట పిల్లవాడి తలకి పొగ ఎక్కుతుంటే రెండేళ్లు పోల్చుకోలేకపోయాం.

ఏ కలుగులో ఎలుక ఉందో మట్టి చూసి చెప్పేవాడు వాడు. తొమ్మిదిలో బడి మానేసి తెనాలిలో మూటలు మోయడానికి పోయాడు. అక్కడే గంజాయి అలవాటైంది. మొదట్లో రైలు దిగి నవ్వుకుంటూ వచ్చేవాడు. తర్వాత మాట మధ్యలో ఆగిపోయేది. పద్దెనిమిదో ఏట నిద్ర పోయింది. రైల్లో జనం తన గురించే మాట్లాడుకుంటున్నారనేవాడు. అమ్మ పీతల కూరలో మందు కలిపిందని పళ్లెం తోసేశాడు. ఎవరూ లేనిచోట ఎవరికో బదులు చెప్పేవాడు.

గాలి సోకిందన్నాం. తాయెత్తు కట్టించాం, కోడిని కోశాం, అప్పు చేశాం. ఆస్పత్రి మాటెత్తితే పెద్దలే వద్దన్నారు: "గంజాయంటే కేసు రాస్తారు. మనల్నైతే ముందు రాస్తారు." ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1871లో మొదలైన నేరస్థ తెగల చట్టం 1952 దాకా పోలేదు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకల వాళ్లని పెట్టింది ఆ చట్టం కాలంలోనే.

చివరికి బడి మాస్టారు పట్టుబట్టి గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. మెదడు 25 ఏళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుందట. గంజాయిలోని టీహెచ్‌సీ జ్ఞాపకాన్నీ భయాన్నీ నడిపే చోట్లనే పట్టుకుంటుందట. చిన్న వయసులో మొదలెట్టినవాళ్లకి, రోజూ తాగేవాళ్లకి, ఇంట్లో మతి జబ్బు ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. తాగిన అందరికీ రాదు. కుర్రాళ్లు ఈ మాటనే పట్టుకుంటారు, "ఫలానావాడికేం కాలేదుగా" అని. ఎవరికొస్తుందో ముందు తెలియదు మరి. మానాక కొందరికి రోజుల్లోనే తగ్గుతుంది, కొందరికి స్కిజోఫ్రెనియాగా నిలిచిపోతుంది. మానిన మొదటి వారం నిద్రుండదు, ఆకలుండదు, అన్నిటికీ చిరాకే. అది చూసి జాలిపడి మళ్లీ తాగనివ్వకూడదంది.

కేసు సంగతి మాస్టారు చూసి చెప్పారు. 1985 నాటి మత్తుమందుల చట్టంలో 64ఏ అని ఒక సెక్షనుంది. అలవాటుపడ్డవాడు తనంతట తాను ప్రభుత్వాసుపత్రికి వచ్చి వైద్యం చేయించుకుంటే, తాగినందుకు కేసు నడపకూడదు. అమ్మేవాడికి ఇది వర్తించదు. మాస్టర్లూ, దీన్ని మా పేటల్లో చదివి వినిపించండి. అంతదూరం పోలేనివాళ్లకి టెలీ మానస్ ఫోను ఉంది, 14416. డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మావాడు మందులు వాడుతున్నాడు. ఇప్పుడు అన్నం తింటున్నాడు. మొన్న కోతల్లో మాతోపాటు గట్టు మీదికొచ్చాడు. ఒక కలుగు చూపించి "ఇందులో ఉంది" అన్నాడు. పొగ పెట్టాం. లేదు, పక్కదాంట్లో ఉంది. మేమెవరం నవ్వలేదు. కుండ వాడి చేతికే ఇచ్చాం.