పటేల్ షాట్, సంగం షాట్, మా పవర్‌పాయింటూ

మా ఆఫీసులో ఈమధ్య ఓ హుకుం జారీ అయింది. ఇకమీదట మెయిళ్లలో, ప్రెజెంటేషన్లలో రాత తగ్గించి బొమ్మలు పెంచాలిట. జనం చదవరు, చూస్తారు అని. నిజమే కావచ్చు, మూడో పేరా కనిపిస్తే "తర్వాత చూద్దాంలే" అని పక్కన పడేసే రకాన్ని నేనే.

కానీ నాకో పాత సంగతి గుర్తొచ్చింది. ఇదివరకు పనిచేసిన చోట సపోర్టు టీమును కుదిస్తున్నారని ఆ టీముకే చెప్పాల్సిన స్లయిడు తయారుచేసింది నేనే. "కలర్‌ఫుల్‌గా ఉండాలి" అన్నారు. గుండ్రటి చార్టు, నాలుగు రంగులు, పక్కన నవ్వుతున్న మనుషుల ఫొటో (కొన్నది లెండి, మావాళ్లెవరూ కారు). చూపించాక ఓ నిమిషం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి ఒకాయన అడిగాడు, "సార్, ఇందులో నేను ఏ రంగు?" నా దగ్గర జవాబు లేదు.

ఆ చార్టులో లోపమేంటో చాన్నాళ్లకు గానీ బోధపడలేదు. అదీ జహీరాబాద్ దగ్గర పస్తాపూర్ ఆడవాళ్ల పుణ్యమా అని. అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది కదా, దూరదర్శన్‌లో పనిచేసి వచ్చిన పి.వి. సతీష్ (2023లో పోయారు) నడిపించిన సంస్థ. అందులోని దళిత మహిళా రైతులు వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. చాలామందికి అక్షరం ముక్క రాదు. అందుకని షాట్లకు వాళ్ల సొంత పేర్లు పెట్టుకున్నారు. కెమెరాకీ మనిషికీ మధ్య ఎగువ దిగువ ఉంటే అది "పటేల్ షాట్". దొర అరుగు మీద, కూలీ కింద, అలాగన్నమాట. ఇద్దరి కళ్లూ ఒకే ఎత్తులో ఉంటే "సంగం షాట్", ఎందుకంటే సంగంలో అందరూ సమానంగా కూర్చుంటారు. సినిమా స్కూళ్లలో యాంగిల్ గురించి చెప్పేది ఎవరు ఎంత పెద్దగా కనిపిస్తారనే. వీళ్లు మాత్రం ఎవరు ఎవర్ని చూస్తున్నారో పట్టుకున్నారు! బీటీ పత్తి వేసిన వరంగల్ రైతుల మీద 2003లో వాళ్లు తీసిన సినిమాలోనూ మాట్లాడేది రైతులే.

వాళ్ల పాత పంటల జాతర సంగతీ అంతే. దాదాపు పాతికేళ్ల క్రితం మొదలైంది. సంక్రాంతి రోజుల్లో ఎడ్లబండ్లు అలంకరించి, జొన్న, కొర్ర, సామ లాంటి విత్తనాలు పెట్టుకుని ఊరూరా తిరుగుతారు. పోస్టరు మీద కొర్ర బొమ్మ కాదు, కొర్రలే. గుప్పిట్లోకి తీసుకుని "ఇది మా అమ్మ వేసేది" అనొచ్చు.

మళ్లీ నా చార్టుకొస్తే, అది అచ్చమైన పటేల్ షాట్. పైనుంచి చూస్తే మనుషులు శాతాలు. ఆ రోజు రంగులు మానేసి, ఎవరి పని ఎప్పటిదాకా, జీతం ఎన్ని నెలలు అని మామూలు పట్టిక ఒకటి పెట్టుంటే ఆయనకి తన వరస దొరికేది. వార్త చేదే, కానీ అడగాల్సిన ఖర్మ పట్టేది కాదు.

వచ్చే వారం ఇంకో ప్రెజెంటేషన్ ఉంది, సర్వర్ల ఖర్చు మీద. దానికి గుండ్రటి చార్టే పెట్టేశా. సర్వర్లు లేచి ప్రశ్నలడగవు కదా.