మా వ్యాను నీరు ఎటు పోయెను?

మా పాఠశాల వ్యాను పుట్టి పదునెనిమిది సంవత్సరములు కడచినవి. అది మాకు లభించునప్పటికే దాని సీట్లు రెండుమార్లు మార్చబడియుండెను. జొన్నగిరి చుట్టుపట్ల పల్లెలనుండి బాలబాలికలను ప్రతియుదయమును బడికి తెచ్చుటయు, సాయంకాలము వారి వారి వీధులలో దింపుటయు దాని పని. ఇందు వింత యేమున్నదని పట్టణవాసులగు చదువరులు తలంపవచ్చును. మా పడమటి సీమలో వానలు తప్పిన యేట, ఒక్కొక్కప్పుడు తప్పని యేటను గూడ, కుటుంబములు మిరపకోతకును ప్రత్తితీతకును గుంటూరు వైపునకు వలసపోవుచున్నవి. అవ్వల యొద్ద విడువబడిన ఆడుపిల్లలకు చదువు సాగుచున్నదన్న అది యీ వ్యాను వలననే. వ్యాను రెండు వారములు రాకున్నచో వారిలో కొందఱు పొలమునకు పోవుదురు. కొందఱు తలిదండ్రులను వెదకికొనుచు గుంటూరు బస్సెక్కుదురు. అట్లు పోయినవారు మఱల బడికి వచ్చుట మేము మిక్కిలి యరుదుగా చూచితిమి.

కావున గత ఫిబ్రవరిలో, పదవ తరగతి పరీక్షలకు నెల దినములుండగా, వ్యాను రేడియేటరులో నీరు తఱుగసాగినప్పుడు మాకు నిదురపట్టలేదు. మొదట రెండుదినముల కొక లీటరు. పిమ్మట దినమున కొక లీటరు. వింత యేమనగా, రాత్రి నిలిపినచోట నేలపై తడి కానరాదు. ఉదయమున డ్రైవరు అట్టముక్కలు పఱచి చూచెను. అవి పొడిగానే యుండెను. ఊరిలో సలహాలకు కొదువలేదు. ఒకరు రేడియేటరు మార్చుమనిరి. మఱియొకరు పసుపుపొడి కలిపి పోసినచో చిల్లు పూడుననిరి. దారిలో చూపిన యొక షెడ్డువారు మూతయైన తీయకయే, "హెడ్ గ్యాస్కెట్టు పోయినది, ఇంజను విప్పవలెను, ముప్పదివేలగును" అని తీర్పు చెప్పిరి. అంత సొమ్ము మా వ్యాను నిధిలో లేదు. ఉన్నను, పదునెనిమిదేండ్ల బండికి ముప్పదివేలు పెట్టుటకంటె దాని నమ్మివేయుట మేలని చెప్పువారు కమిటీలో కలరు.

ఇట్లుండగా నొకనాటి సాయంకాలము యెర్రగుడి దాపున ముల్లు ఎఱ్ఱగీతను తాకెను. బండి నిలిపి, పిల్లలను చెట్టునీడకు దింపితిమి. ఒక చురుకైన బాలుడు రేడియేటరు మూత త్రిప్పబోగా డ్రైవరు కేకవేసి ఆపెను. మూత ఏల తీయరాదో చెప్పుటకు అంతకంటె మంచి సమయము దొరకదు. రేడియేటరు మూత వట్టి మూతగాదు. అందు స్ప్రింగుతో బిగించిన కవాటము గలదు. అది లోపలి నీటిని బయటి గాలికంటె సుమారు ఒక కిలో అధిక పీడనమున నిలుపును. ఆ పీడనమున నీరు నూఱు డిగ్రీలకు మఱుగదు, నూటయిరువదికి మఱుగును. 1679లో డెనిస్ పాపిన్ కనిపెట్టిన పాత్రకును, నేడు మన యిండ్ల కుక్కరుకును ఇదియే సూత్రము. మూత తీసిన క్షణమున పీడనము పోవును. నూఱు దాటి కాగియున్న నీరు ఒక్కుమ్మడిగా ఆవిరియై ముఖముపైకి లేచును. అరగంట చల్లార్చి, గుడ్డ కప్పి, మెల్లగా తీయుటయే పద్ధతి.

ఆ అరగంటయు ఊరక పోలేదు. యెర్రగుడి బండలపై అశోకుని శాసనములు గలవనియు, అవి 1929లో బయల్పడినవనియు, జొన్నగిరియే నాటి సువర్ణగిరి యని పలువురు చరిత్రకారులు తలంతురనియు మా పిల్లలెఱుగుదురు. అం దొక శాసనమున, బాటల ప్రక్క మనుష్యులకును పశువులకును బావులు త్రవ్వింపబడి చెట్లు నాటింపబడినట్లున్నది. "మా వ్యానుకు గూడ బావి కావలెను గదా!" యని యొక బాలిక నవ్వెను. అప్పుడు మేము బెర్తా బెంజ్ కథ చెప్పితిమి. 1888 ఆగస్టులో నామె తన యిద్దఱు కుమారులతో, భర్త నిర్మించిన మోటారు బండిపై, జర్మనీలో మన్‌హైమ్ నుండి ఫోర్ట్‌సైమ్‌కు నూఱు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసెను. ఆ బండికి నేటి రేడియేటరు లేదు. నీరు ఆవిరియై పోవుటచేతనే ఇంజను చల్లబడెడిది. దారిపొడవున నీరు నింపుచు పోవలసివచ్చెను.

"అట్లయిన మనమును పోసికొనుచు పోవచ్చును గదా?" యని ఆ బాలికయే యడిగెను. ఇది మంచి ప్రశ్న. నేటి యింజనులో ఆ నీరే మఱల మఱల తిరుగవలెను. మా బోరు నీరు కాచిన గిన్నె యడుగున తెల్లని గట్టిపొర పట్టుట వంటయింట అందఱును చూచినదే. దినమున కొక లీటరు చొప్పున ఆ నీటిని పోసినచో అట్టి పొరయే రేడియేటరు సన్నగొట్టములలో పట్టి, వేడిని బయటికి పోనీయదు.

మఱునాడు పత్తికొండలో నొక ముసలి మేస్త్రి యొద్దకు వ్యానును పంపగా, అతడు వేడి బండిని ముట్టనొల్లక, "రాత్రి ఈడనే పెట్టి పోండి, తెల్లారి సల్లగుండగా సూస్తా" ననెను. ఉదయమున మేమును పోయితిమి. అతడు పానా పట్టలేదు. ముందుగా నూనెపుల్ల తీసి వ్రేళ్లమధ్య రాచి చూచెను. నీరు కలసినచో నూనె పాలవలె తెల్లబాఱునట. అట్లు లేదు. ఇంజను నడిపించి పొగగొట్టమునొద్ద నిలిచెను. వేడెక్కిన పిమ్మట తెల్లని పొగ లేదు. రేడియేటరులో బుడగలు లేవు. "గ్యాస్కెట్టు బాగుండాది సార్. నీళ్లు యాడికి పోతాండాయో సూడకుండా సామాను మార్చేది యాపారం, రిపేరు కాదు" అనెను. ముప్పదివేల మాట అంతటితో సగము చచ్చెను.

ఇంజను మఱల చల్లారిన తరువాత, మూత యుండుచోట గడియారము గల యొక చేతిపంపును బిగించి, మూత తాళు పీడనము వఱకు గాలి కొట్టెను. ఐదు నిమిషములు ముల్లు కదలలేదు. పదవ నిమిషమునకు కొంచెము దిగెను. మేస్త్రి దీపము పట్టి, వాటరు పంపు క్రింద వ్రేలు పెట్టి మమ్ము పిలిచెను. పంపు కడుపున బఠాణిగింజంత రంధ్రము. దాని నుండి యొక చుక్క. చుట్టును చౌడుపట్టిన గోడవలె తెల్లనిపొర, అందు పాత కూలెంటు ఆకుపచ్చ చాఱ. ఇంజను నడచునప్పుడు ఆ చుక్కలు వేడి యినుముపై బడి ఆవిరియగును, మిగిలినవి ఫాను గాలికి చెదరిపోవును. చల్లారినపుడు పీడనము లేదు గనుక కారవు. అందుచేతనే నేల తడియలేదు.

వెంటవచ్చిన డ్రైవరు, ఆ రంధ్రమును లక్కతో మూసిన చాలదా యని యడిగెను. మేస్త్రి నవ్వెను. ఆ రంధ్రము చెడి పడినది కాదు, చేసినవారే పెట్టినది. పంపు ఇరుసుపై ఒకప్రక్క నీటిని ఆపు సీలు, మఱియొకప్రక్క బేరింగు; నడుమ నీ రంధ్రము. సీలు అఱిగినపుడు నీరు బేరింగులోనికి పోక యిటు బయటపడి తెలుపును. మూసినచో బేరింగు తుప్పుపట్టి, ఏదో యొకనాడు ఇరుసు బిగిసి, బెల్టు తెగి, నడిరోడ్డున బండి నిలుచును. అతడు పుల్లీని పట్టి ఊపి చూపెను. అప్పటికే కొంచెము ఆటయుండెను. శరీరశాస్త్ర పాఠములో జ్వరమును గూర్చి చెప్పునపుడు మాకీ రంధ్రము ఇక జ్ఞాపకమునకు వచ్చును.

తక్కినది పూటపని. క్రింది గొట్టము విడిపించి నీరు దింపునపుడు షెడ్డు కుక్క పళ్లెము నొద్దకు రాగా మేస్త్రి దానిని అదలించెను. కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు తియ్యగానుండును, త్రాగిన పశువునకును మనిషికిని మూత్రపిండములు చెడి ప్రాణాపాయము గలుగును. దానిని నేలపై పాఱబోయక మూతగల డబ్బాలో పట్టెను. తలిదండ్రులు దీనిని గుర్తుంచుకొన వేడుచున్నాము. త్రాగునీటి సీసాలలో కూలెంటు ఉంచిన యిండ్లను మేము చూచియున్నాము.

పాత పంపు విప్పి, అంటుకొనియున్న కాగితపు గ్యాస్కెట్టును గీకి, క్రొత్త పంపు పెట్టి, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించెను. క్రింది గొట్టమును పిండి చూడగా పగుళ్లు కానవచ్చినందున అదియు మార్పబడెను. బోరు నీటికి బదులు, కూలెంటు సగము, బ్యాటరీలకు పోయు శుద్ధజలము సగము కలిపి, గాలి చిక్కకుండ మెల్లగా పోసిరి. మూత లేకయే యింజను నడుపుచుండగా, థర్మోస్టాటు తెఱచుకొన్న వేళ పైగొట్టము ఒక్కసారిగా వేడెక్కి నీటిమట్టము గుటుక్కున దిగెను. ఆ కొఱతయు నింపి, మూత బిగించి, బండి చల్లారిన పిమ్మట చేతిపంపుతో మఱల పరీక్షింపగా పదునైదు నిమిషములకును ముల్లు కదలలేదు. పంపు, గొట్టము, కూలెంటు, కూలి కలిపి ఆఱువేల లోపుననే తేలెను.

ప్రక్కసీసాపై సుద్దతో గీత గీసి, తొమ్మిదవ తరగతి పిల్లలిద్దఱిని ప్రతియుదయమును, బండి కదలకమునుపు, మట్టము వ్రాయ నియమించితిమి. మొదటి రెండుదినములు వ్రేలెడు దిగెను. అది లోపల చిక్కిన గాలి వెడలుట యని మేస్త్రి ముందే చెప్పియుండెను. తరువాత పదునాలుగు దినములు గీత గీతయే. పరీక్షల దినములలో వ్యాను ఒక్క పూటయు తప్పలేదు. జొన్నగిరి వైపు ఆడుపిల్లలు పదునొకండుగురును ప్రతి పరీక్షకును కూర్చుండిరి. పాత పంపును మేస్త్రి నడిగి తెచ్చి, సైన్సు గది బల్లపై ఉంచితిమి. పాతనీటి పొర మాత్ర మింకను రేడియేటరులో నున్నది. వేసవి సెలవులలో దానిని దింపి కడిగింపవలసియున్నది.