గాలి అనుమతి ఇచ్చిన నాడే

కొచ్చి నగరానికి సుమారు 460 కిలోమీటర్ల దూరాన, అరేబియా సముద్రం నడుమ అగత్తి ద్వీపం ఉన్నది. లక్షద్వీప్‌లోని 36 ద్వీపాలలో మనుషులు నివసించేవి పది మాత్రమే. ఆ పదింటిలోనూ విమానాశ్రయమున్నది అగత్తి ఒక్కదానికే. 2011 జనాభా లెక్కల ప్రకారం లక్షద్వీప్ జనసంఖ్య 64,473. వారిలో నూటికి 96 మందికి పైగా ముస్లిములు. ఇక్కడి మదరసాల బోధనా విధానాన్ని చూడాలన్న కోరికతో, ప్రవేశ అనుమతి పత్రాలు తీసుకొని, మే నెల చివరి వారంలో మేము ముగ్గురు ఉపాధ్యాయులం కొచ్చిలో చిన్న ఏటీఆర్ విమానం ఎక్కాము.

అగత్తి పొడవు 7 కిలోమీటర్లకు కొంచెం పైగా ఉంటుంది. వెడల్పు ఎక్కడా పెద్దగా లేదు. దక్షిణపు కొసకు పోయేకొద్దీ నేల సన్నబడి, చివరకు రన్‌వేకు సరిపడేంత మాత్రమే మిగులుతుంది. దానికి రెండు వైపులా సముద్రమే. ఆ రన్‌వే పొడవు 1,204 మీటర్లు. మన శంషాబాద్‌లోని పెద్ద రన్‌వే 4,260 మీటర్లు. అక్కడి పొడవులో మూడో వంతైనా లేని ఈ దారిపై చక్రాలు సరిగ్గా మొదటి భాగంలోనే నేలను తాకాలి. ఆలస్యంగా తాకితే, ఆగడానికి మిగిలే నేల చాలదు.

మేము బయలుదేరిన ఉదయం కొచ్చిలో ఎండ కాస్తున్నది. గంటకు పైగా ప్రయాణించిన తరువాత ఆకుపచ్చని లగూను, తెల్లని ఇసుక, కొబ్బరి చెట్ల తలలు కనబడినవి. చక్రాలు దిగిన శబ్దమూ వినబడింది. అంతలో దక్షిణం నుండి నల్లని మబ్బు ఒకటి వచ్చి కొసను కమ్మేసింది. విమానం ఒక్కసారిగా ముక్కు పైకెత్తి మళ్ళీ ఆకాశానికి లేచింది. చుట్టు తిరిగి రెండోసారి ప్రయత్నించి, మళ్ళీ పైకి లేచింది. కొంతసేపటికి, కొచ్చికి తిరిగి వెళ్తున్నామని పైలట్ ప్రకటించారు.

ఒక యువకుడు విసుగ్గా, "నేల కనబడుతుంటే వెనక్కి తిప్పడమేమిటి?" అన్నాడు. కొచ్చిలో వైద్యం చేయించుకొని ఇంటికి వస్తున్న ద్వీపవాసి అయిన ఒక వృద్ధుడు అతని వైపు తిరిగి, "నేల కనబడుతుంది నాయనా, గాలి కనబడదు" అని హిందీలో మెల్లగా అన్నారు.

ఆ గాలి సంగతి మాకు తరువాత తెలిసింది. అగత్తి రన్‌వే ఈశాన్య, నైరుతి దిశలుగా ఉన్నది. నైరుతి నుండి గాలి నేరుగా వీస్తే దిగే విమానానికి అది ఎదురుగాలి అవుతుంది. ఎదురుగాలి వేగాన్ని తగ్గించి, తక్కువ దూరంలోనే విమానం ఆగడానికి తోడ్పడుతుంది. అదే గాలి పడమరకో వాయవ్యానికో మళ్ళితే పక్కనుండి నెడుతుంది. వెనుకనుండి వీస్తే విమానం ఆగడానికి మరింత దూరం కావాలి. రన్‌వే తడిసి ఉంటే ఆ దూరం ఇంకా పెరుగుతుంది. దగ్గరలో మరో విమానాశ్రయం లేదు గనుక, దిగలేకపోతే ప్రధాన భూభాగానికి తిరిగి చేరేంత ఇంధనం వెంట ఉండాలి. ఇంధనం బరువు పెరిగితే మనుషులకూ సామానుకూ చోటు తగ్గుతుంది. అందుచేత పైలట్ బయలుదేరక ముందే గాలి దిశను, వేగాన్ని, మబ్బుల ఎత్తును, చూపు ఆనే దూరాన్ని, గాలి పీడనాన్ని తెలుసుకొని లెక్క వేసుకుంటాడు. ఋతుపవనాలకు ముందు వచ్చే ఈదురుగాలి ఆ లెక్కను కొద్ది నిమిషాలలోనే మార్చివేస్తుంది. 2021 మే నెలలో ఈ సముద్రంలోనే రూపుదిద్దుకొన్న తౌక్టే తుఫాను గుజరాత్ వరకు వెళ్ళి ఎంత నష్టం చేసిందో పాఠకులకు గుర్తుండే ఉంటుంది.

మరునాడు గాలి నెమ్మదించింది. విమానం మొదటి ప్రయత్నంలోనే దిగింది. అదే విమానంలో కొచ్చికి వెళ్ళవలసిన ఒక తల్లి చక్రాల కుర్చీలో ఎదురుచూస్తున్నది. ఆమెకు గుండె జబ్బు. వెంట ఉన్న కుమారుడు మాతో ఇలా అన్నాడు: "నిన్న మా ఇంటి మీదుగానే విమానం శబ్దం వినబడింది. దిగకుండా వెళ్ళిపోయేసరికి అమ్మ ఏడ్చింది. హెలికాప్టర్ సంగతి అడిగాం. దానికీ అదే ఆకాశం కదా! కాసేపటికి అమ్మే కళ్ళు తుడుచుకొని, 'అందులో ఉన్నవాళ్ళకూ తల్లులున్నారు' అన్నది."

ఆ మాట విని మేము ఏమీ అనలేకపోయాము. ఆమెకు స్వస్థత కలగాలని దుఆ చేశాము.

ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు తరువాత మస్జిద్ ఇమాము గారు మాతో కొంత అరబీలోనూ కొంత ఉర్దూలోనూ మాట్లాడారు. పూర్వం ఈ ద్వీపాల ఓడలకు దారి చూపేవానిని 'మాల్మి' అనేవారట. అది అరబీ 'ముఅల్లిమ్' అన్న మాటే. అరబ్బు నావికులు కూడా ఓడ మార్గదర్శిని ముఅల్లిమ్ అనే పిలిచేవారు. 15వ శతాబ్దపు ప్రసిద్ధ నావికుడు అహ్మద్ ఇబ్న్ మాజిద్ ఏ రేవు నుండి ఏ కాలంలో ఓడ కదలాలో తన గ్రంథంలో వివరంగా వ్రాశాడు. కాలాన్ని తెలిపే అరబీ 'మౌసిమ్' నుండే 'మాన్‌సూన్' అన్న మాట పుట్టింది. పిల్లలకు పాఠం చెప్పే మమ్మల్నీ ముఅల్లిమ్ అనే అంటారు. ముందుకు నడపడంతో పాటు, ఎప్పుడు కదలకూడదో చెప్పడం కూడా ఆ మాటలోని బాధ్యతేనని మాకు ఆ రాత్రి తోచింది.

దివ్యఖుర్ఆన్ అల్ బఖరా సూరా 164వ ఆయతులో గాలుల మార్పును బుద్ధిమంతులకు నిదర్శనాలలో ఒకటిగా అల్లాహ్ పేర్కొన్నాడు. మబ్బు కమ్మి గాలి లేచినప్పుడు దైవప్రవక్త (స) ముఖంలో ఆందోళన కనబడేదని, ఆ గాలిలోని మేలును కోరి, కీడు నుండి శరణు వేడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. గాలిని దూషించవద్దని కూడా ఆయన బోధించారు. అల్లాహ్ మీద అందరికన్నా ఎక్కువ భరోసా గల వారే మబ్బును చూసి అంత జాగరూకులైతే, జాగ్రత్త తవక్కుల్‌కు విరుద్ధమని మనమెలా అనగలం?

వర్షాకాలంలో మన ఊళ్ళలో వాగులు రోడ్ల మీదుగా పారుతుంటాయి. "ఇప్పుడు దాటవద్దు" అన్న డ్రైవరును పిరికివాడని తొందరపెట్టే ఇళ్ళు ఎన్నో ఉన్నవి. అతని చేతిలో ఉన్న ప్రాణాలు అమానతు. ఆలస్యమైనందుకు అతనిపై కోపగించే ముందు, ఏడ్చి కళ్ళు తుడుచుకొన్న ఆ అగత్తి తల్లి మాటను ఒకసారి తలచుకుందాము.