ప్లాస్టింగ్ లేని గోడ



పోయినసారి రాసింది చదివి చాలామంది విద్యార్థులు "అక్కా, అమెరికాలో మనవాళ్ళ సంగతి కూడా రాయండి" అని అడిగారు. రాయాలంటే నేను చేసిన ఒక పని గురించి చెప్పాలి. అది తప్పో ఒప్పో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అందుకే ఇన్నాళ్ళూ రాయలేదు.

ఒక సెమినార్ కోసం న్యూయార్క్ వెళ్ళాను. మా పిన్ని కొడుకు అక్కడికి దగ్గర్లోనే ఉద్యోగం చేస్తున్నాడు. శనివారం సాయంత్రం "మా మేనేజర్ కొత్త ఇల్లు కొన్నాడక్కా, మన తెలుగాయనే, భోజనానికి పిలిచాడు, నువ్వూ రా" అన్నాడు. వెళ్ళాను.

ఇల్లు సోహోలో. పాత ఫ్యాక్టరీ బిల్డింగ్‌ని ఫ్లాట్లుగా మార్చారు. దాన్ని లాఫ్ట్ అంటారు. మన ఇళ్ళల్లో లాఫ్ట్ అంటే అటక, పాత బిందెలు, బొంతలు పడేసే చోటు. అక్కడ మాత్రం కోట్ల రూపాయల ఇల్లు. రెండు నిలువుల ఎత్తు కప్పు, గోడంత కిటికీలు, మధ్యలో ఇనప స్తంభాలు. యుద్ధానికి ముందు కట్టినది, ప్రీవార్ బిల్డింగ్ అని ఆయన పదేపదే చెప్పాడు. మన దగ్గర బిల్డింగ్ పాతదైతే రేటు పడిపోతుంది. అక్కడ పాతదని చెప్పి రేటు పెంచుతారు.

హాల్లో ఒక గోడకి ప్లాస్టింగ్ లేదు. ఎర్రటి ఇటుకలు అట్లాగే కనిపిస్తున్నాయి. పై పూతంతా పనివాళ్ళతో గీకించి, ఇటుక బయటపడేలా చేయించాడట. పైగా ఆ గోడ మీద ప్రత్యేకంగా లైట్లు.

నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. 2008లో మాకు ఇందిరమ్మ ఇల్లు వచ్చింది. బేస్‌మెంటుకి కొంత, లింటెల్‌కి కొంత, స్లాబుకి కొంత బిల్లు వచ్చేది. స్లాబు పడేసరికి బిల్లూ అయిపోయింది, అప్పూ పుట్టలేదు. తొమ్మిదేళ్ళు ప్లాస్టింగ్ లేని గోడల మధ్యే ఉన్నాం. వానొస్తే ఇటుక చెమ్మ పట్టేది. సందుల్లో తేళ్ళు. సంబంధం చూడ్డానికి వచ్చినవాళ్ళు ముందు గోడల వంక చూసి, తర్వాత నా వంక చూసేవాళ్ళు. ఉద్యోగం వచ్చాక నా మొదటి ఏడాది జీతంలో పెద్ద ఖర్చు ఆ గోడల ప్లాస్టింగే.

ఇదంతా లోపల తిరుగుతుండగా ఆయన గోడ మీద చెయ్యి వేసి, "చూడండి మేడమ్, ప్రతి ఇటుకా వేరే రంగు. ఇట్లాంటి పని ఇప్పుడెవరు చేస్తారు?" అన్నాడు.

"మా అమ్మ చేసేదండీ" అన్నాను. నవ్వుతూనే అన్నాను. "ఇరవై ఏళ్ళు ఇటుక బట్టీలో."

ఒక్క క్షణం ఆగి, "ఏ ఊరండీ మీది?" అన్నాడు. చెప్పాను. ఆ ఊరు ఆయనకు తెలుసు, వాళ్ళ మేనత్తనిచ్చిన ఊరట. "ఊళ్ళో ఎక్కడ?" అన్నాడు. పక్కనుంచి తమ్ముడు "వీళ్ళు ఎప్పుడో గుంటూరు వచ్చేశారండీ" అని అందుకున్నాడు. నాకు అర్థమవ్వాల్సింది. కానీ ఆ ప్రశ్న నేను చిన్నప్పటి నుంచీ వింటున్నది. హాస్టల్లో, అద్దె ఇళ్ళ దగ్గర, స్టాఫ్‌రూమ్‌లో విన్నాను. ఇక తప్పించుకోకూడదని ఎప్పుడో నిర్ణయించుకున్నాను.

"ఊళ్ళో కాదండీ, పల్లెలో. మాదిగపల్లె" అన్నాను.

"ఓ, ఓకే ఓకే" అన్నాడాయన. "భోంచేద్దాం రండి." అందరూ మర్యాదగానే ఉన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. వచ్చేటప్పుడు మాత్రం తమ్ముడి భుజం మీద ఉన్న ఆయన చెయ్యి, వెళ్ళేటప్పుడు లేదు.

తిరుగు ప్రయాణంలో తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "అక్కా, నువ్వు మంగళవారం ఫ్లైట్ ఎక్కుతావు. నేను సోమవారం ఆఫీసుకెళ్ళాలి. నా వీసా కాయితాలన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్ళాలి" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు ఒక్కదాన్నే ఆ వీధుల్లో తిరిగాను. సోహోలోని ఆ బిల్డింగుల్లో చాలావరకు 19వ శతాబ్దంలో కట్టినవి. గుడ్డల గోడౌన్లు, కుట్టుపని కార్ఖానాలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పరిశ్రమలు తరలిపోతుంటే, ఖాళీ అంతస్తుల్లో కళాకారులు చేరారు. ఆ ప్రాంతం మీదుగా పెద్ద రోడ్డు వేద్దామనుకున్న పథకం, జనం పోరాడితే 1969లో ఆగింది. 1971లో కళాకారులు అక్కడ ఉండటానికి నగరం అనుమతించింది. 1973లో దాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది. 1982లో లాఫ్ట్ చట్టం వచ్చింది. వెనకే డబ్బున్నవాళ్ళు వచ్చారు. కళాకారుల కథ అందరూ చెప్తారు. వాళ్ళకంటే ముందు అక్కడ పనిచేసిన నల్లజాతి, ప్యూర్టోరికన్ కార్మికుల కథ, అందులోనూ ఆడవాళ్ళ కథ, అమ్మకం బ్రోచర్లలో ఉండదు.

అక్కడికి నడిచిపోయేంత దూరంలోనే ఇంకో లాఫ్ట్ బిల్డింగ్ ఉంది. 1911 మార్చి 25న అందులోని ట్రయాంగిల్ చొక్కాల ఫ్యాక్టరీ తగలబడింది. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకి తాళం వేసి ఉంది. 146 మంది చచ్చిపోయారు. ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ ఆడపిల్లలు. యజమానులు నిర్దోషులుగా బయటపడ్డారు. బిల్డింగ్ మాత్రం నిలబడే ఉంది. ఇప్పుడందులో యూనివర్సిటీ క్లాసులు జరుగుతున్నాయి.

ఆ మంటలు ఆరిన రెండేళ్ళకి, 1913లో, బాబాసాహెబ్ ఆ నగరంలో దిగారు. కొలంబియాలో చదువుకున్నారు. అక్కడ తాను అంటరానివాణ్ణన్న సంగతే మర్చిపోయానని తర్వాత రాసుకున్నారు. 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరబోతే తలదాచుకోను చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు రాయించి ఉన్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకుని వచ్చి వెళ్ళగొట్టారు.

ఆ సత్రం గుర్తొచ్చాక తమ్ముణ్ణి "పిరికివాడు" అనుకున్నందుకు సిగ్గేసింది. కొలంబియా చదువున్న అంబేద్కర్‌కే ఒక గది కోసం పేరు మార్చుకోవాల్సి వచ్చింది. వీసా మీద బతుకుతున్న కుర్రాడు ఊరి పేరు దగ్గర తడబడితే తప్పు అతనిదా?

2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కుల వివక్షని నిషేధించింది. అమెరికాలో అట్లా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేస్తే, అక్టోబరులో గవర్నర్ వీటో చేశాడు. అప్పుడు చాలామంది అడిగారు, అమెరికాలో కులమెక్కడుందని. "ఊళ్ళో ఎక్కడ?" అన్న ఆ రెండు మాటల్లో ఉంది. దానికి సాక్ష్యం ఉండదు, కేసు పెట్టడానికి ఏమీ మిగలదు. అందుకే చట్టంలో కులం అన్న మాట ఉండాలి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ కులం మీరు ధైర్యంగా చెప్పండి, నేనూ చెప్తాను. కానీ పక్కనున్నవాడి కులం వాడు చెప్పుకోవాలి, అదీ వాడికి కుదిరినప్పుడు. నా ధైర్యానికి ఖర్చు నేనే పెట్టుకోవాలి. ఆ రోజు తమ్ముడి చేత పెట్టించాను. ఫోన్‌లో క్షమాపణ అడిగాను. "సర్లే అక్కా" అన్నాడు. ఆ ఆఫీసులోనే ఉన్నాడు. ఆ ఇంటికి మళ్ళీ పిలుపు రాలేదట.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది, అక్కడి ఇళ్ళు ఎట్లా ఉంటాయని. ఫోన్‌లో ఫొటో చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది.

"పాపం, ప్లాస్టింగ్‌కి డబ్బులు చాల్లేదా?" అంది.

మళ్ళీ చూసి, "ఇటుక మాత్రం బాగా కాలిందే" అంది.

జై భీమ్.