దాది బొంతకు ఫ్రేమ్ కట్టిద్దామనుకున్న

చాలా రోజుల నుంచి ఈ గ్రూపులో మీరు రాసేవి చదువుతున్నా గానీ నేను రాయడం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగైంది, ఓపికతో చదవండి.

మాది పాలమూరు దిక్కు ఒక తండా. మా ఇంట్లో కాలేజీ మెట్టెక్కిన మొదటిదాన్ని నేనే. డిగ్రీ మొదటి సంవత్సరం హాస్టల్‌కు పోతుంటే మా దాది, అంటే నాయనమ్మ, తను కుట్టిన బొంత మడతపెట్టి ఇచ్చింది. పెట్టెలో సగం అదే నిండింది. రూములో అందరివీ మెత్తటి కొత్త దుప్పట్లు. నేను బొంత విప్పగానే ఒకమ్మాయి "ఇన్ని పీలికలు ఎందుకు తెచ్చినవ్?" అన్నది. ఎగతాళికి అనలేదేమో, నిజంగానే అడిగిందేమో. నేను మాత్రం ఆ రాత్రే దాన్ని పెట్టె అడుగున పెట్టేసిన. చలికాలమంతా రెండు చున్నీలు కప్పుకొని పడుకున్న. సంక్రాంతికి ఇంటికి పోతే దాది అడిగింది, బొంత వెచ్చగుందా అని. మస్తుగుంది అని చెప్పిన.

రెండో సంవత్సరం కాలేజీలో ప్రదర్శన పెట్టారు. లంబాడీ కుట్టుపని ముక్క ఒకటి, జానెడు కూడా లేదు, అద్దాల ఫ్రేములో పెట్టి గోడకు తగిలించారు. అందరూ దాని ముందు నిలబడి ఫొటోలు దిగారు. కర్ణాటకలోని సండూరు లంబాణీ కుట్టుకు 2010లో జీఐ గుర్తింపు వచ్చిందని మేడమ్ చెప్తుంటే నాకు నా పెట్టే గుర్తొచ్చింది. ఆ బొంత అంచుకు దాది తన పాత ఫేట్యా అంచే వేసింది. పడుకుంటే గుచ్చుకుంటాయని అద్దాలు తీసేసింది గానీ వాటి చుట్టూ కుట్టిన గుండ్రటి కుట్టు అట్లనే ఉంది.

మేము కొత్తగా స్లాబు ఇల్లు వేసుకున్నం. ముందు రూములో గోడ ఖాళీగా ఉంది. బొంతకు ఫ్రేమ్ కట్టించి అక్కడ పెడదామని దసరా సెలవుల్లో టౌన్‌లో ఫొటో ఫ్రేముల షాపుకు తీసుకుపోయిన. ఆయన కొలిచి చూసిండు. ఆరడుగుల పొడుగు, నాలుగడుగుల వెడల్పు. "ఇంత అద్దం బరువు మేకు ఆపదమ్మా. నడుమ మంచి ముక్క కోసి, ప్లైవుడ్ మీద గమ్‌తో అతికిస్త. 1,800 అయితది" అన్నడు. నిజం చెప్పాలంటే నేను దాదాపు సరే అనేసిన. కత్తెర తీసేసరికి ఎందుకో చెయ్యి అడ్డం పెట్టిన.

తర్వాత దీని గురించి చదివిన. గుడ్డకు గమ్ పెట్టొద్దంట. అది కొన్నేండ్లకు పసుపెక్కి గట్టిపడుతుంది, మళ్లీ తియ్యాలన్నా రాదు. నూలుగుడ్డ చుట్టిన అట్టకు దారంతో అక్కడక్కడ కుట్టి నిలపాలి. అద్దం గుడ్డను తాకొద్దు, తాకితే తేమ పట్టి బూజు వస్తుంది. ఎండ పడే గోడ అసలే పనికిరాదు. ఇవన్నీ నేర్చుకొని, పెద్ద తెలిసినదాని లెక్క ఇంటికి పోయి మా యాడికి, దాదికి చెప్పిన.

దాదికి చూపు లేదు. మోతిబిందు ఆపరేషన్ ఆలస్యంగా చేయించినం, చూపు తిరిగి రాలేదు. నేను చెప్పేది వింటూనే బొంతను ఒళ్లోకి లాక్కొని వేళ్లతో తడుముతున్నది. "ఇది మీ తాత పాగ. ఇది మీ బాపు బొంబాయికి మట్టిపనికి పోయినప్పటి అంగీ, కాలరు కాడ దొడ్డుగుంటది చూడు. ఇది నీ బడి గౌను." ఒక్కటి కూడా తప్పు చెప్పలే. నేను కండ్లున్నదాన్ని, నాకు వాటిలో నా గౌను ఒక్కటే తెలుసు.

తర్వాత అడిగింది, "అద్దం పెడితే నేను దేంతోని చూడాలె బిడ్డా?"

నేనేం జవాబు చెప్పలేకపోయిన. ఈ పనంతటిలో ఆమె మాట ఒక్కసారి కూడా అడగలేదని అప్పుడు తట్టింది.

ఉపాయం మా యాడిదే. పాత లంగా బట్టతో ఒక పొడుగు గొట్టంలాగ కుట్టి బొంత వెనక పైఅంచుకు కలిపింది. అందులోంచి వెదురు కర్ర దూర్చి, రెండు దిక్కులా తాడు కట్టి వేలాడదీసినం. బరువు ఒక్క చోట పడదు, గుడ్డ చినగదు. ఖర్చు రెండు మేకులు. అయితే దాది మంచం మీద కూర్చుంటే చెయ్యి అందాలె కాబట్టి బాగా కిందికి పెట్టినం. పైన గోడంతా ఖాళీ, కింద బొంత. వచ్చిన చుట్టాలు "ఇదేందే, జారిపోయిందా?" అని నవ్వుతున్నరు. నవ్వనీ. చలి పెడితే కర్ర తీసి కప్పుకుంటరు, తెల్లారి మళ్లీ తగిలిస్తరు.

హాస్టల్‌కు తిరిగి వచ్చే ముందురోజు రాత్రి దాది పక్కన పడుకొని, ఆ చలికాలం బొంత కప్పుకోలేదని చెప్పేసిన.

"తెలుసు," అన్నది. "సంక్రాంతికి నువ్వు తెచ్చినప్పుడు దానికి నీ వాసన లేకుండె, ఇనుప పెట్టె వాసన ఉండె."

ఇప్పుడు యాడి నా కోసం ఇంకొక బొంత మొదలుపెట్టింది. దారం వేసే వరస దాది పక్కన కూర్చొని చెప్తున్నది. పైముక్కలు తక్కువ పడినయంటే నా పాత చుడీదార్లు రెండు ఇచ్చి వచ్చిన.