మా చిన్న కాకా గొలుసు, నేను రాసిన కాయితం

పోస్టు కొంచెం పొడుగుంది, ఓపిక చేసుకొని చదవండి. నేను ఆర్మూర్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనే మొదలు. తండా పేరు, మనుషుల పేర్లు రాయడం లేదు, ఎందుకో చదివితే మీకే అర్థమైతది.

మా నాయన తరఫు చిన్న కాకా దుబాయ్ పోయి రెండేండ్లకే తిరిగొచ్చిండు. అప్పుడు నేను ఆరో తరగతి. వీసాకు తెచ్చిన అప్పు అట్లనే ఉంది, మనిషి మాత్రం వేరే అయిండు. ఒక్కడే మాట్లాడుకునేది, రాత్రిపూట లేచి హైవే మీదికి నడిచిపోయేది. ఒకసారి లారీ కింద పడబోయి బతికిండు. దర్గాకు తీసుకపోయిన్రు, భగత్ దగ్గరికి తీసుకపోయిన్రు. ఆ తర్వాత పెద్ద కాకా బర్రెను కట్టే గొలుసు తెచ్చి రాత్రిపూట కాలికి కట్టిండు. పసుపు తవ్వే సీజన్ వచ్చేసరికి పగలు కూడా కట్టుడే. పొద్దుగాల ఐదింటికి ఆటో ఎక్కి కూలికి పోతే చూసేటోళ్లు ఎవరు? అట్ల కొట్టంలో ఏడేండ్లు గడిచినయి.

పెద్ద కాకా చెడ్డోడని నేను రాయలేను. హాస్టల్‌కు పోయే రోజు నాకు ట్రంకు పెట్టె కొనిచ్చింది ఆయనే. కానీ చిన్న కాకాకు సదరం సర్టిఫికెట్ ఉంది, నెలకు 4016 రూపాయల పింఛను వస్తది. ఆ పైసల్లోంచి ఒక్క నెల మందులు కొన్నట్టు నేను చూడలే. ఈ సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు కొట్టంలోకి తొంగి చూసిన. గొలుసు ఒరుసుకొని చీలమండ దగ్గర పుండు పడ్డది, ఈగలు ముసురుతున్నయి. రొట్టెను దూరం నుంచి విసిరి పోతున్నరు. నేను చూసిన, బస్సెక్కి హాస్టల్‌కు వచ్చిన. ఎవరికీ చెప్పలే.

ఫిబ్రవరిలో మా కాలేజీకి న్యాయసేవల తరఫున ఒక లాయర్ మేడమ్ వచ్చింది. "చిన్నపిల్లల మీద లైంగిక దాడి జరిగిందని తెలిస్తే ఏం చేయాలి?" అని అడిగితే అందరం చెయ్యెత్తినం. పోక్సో గురించి హాస్టల్లో చదివిన ప్రతి ఒక్కరికి తెలుసు. చెప్పకుండా దాచిపెడితే ఆరు నెలల దాకా జైలు ఉందని కూడా తెలుసు. "సరే, బాధ పడుతున్న మనిషికి 35 ఏండ్లుండి, తన బాధ తాను చెప్పుకోలేకపోతే?" అని అడిగింది. ఒక్క చెయ్యి లేవలే. నా చెయ్యి కూడా లేవలే.

క్లాస్ అయిపోయినంక పోయి "మేడమ్, మా పక్కూర్ల ఒకాయన ఉన్నడు" అని మొదలుపెట్టిన. పక్కూరు అని అబద్ధం చెప్పిన. ఆమె అంతా విని రెండు మాటల తేడా చెప్పింది, 'మే', 'షల్' అని. చట్టంలో 'మే' అంటే చెప్పొచ్చు, 'షల్' అంటే చెప్పి తీరాలి. ఆడవాళ్ల మీద ఇంట్లో హింస జరిగితే 2005 చట్టం కింద ఎవరైనా ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినోళ్ల మీద కేసు ఉండదు. వికలాంగుల 2016 చట్టంలో ఏడో సెక్షన్ కూడా 'మే'నే, ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు చెప్పొచ్చు. ముసలోళ్లను పిల్లలు చూడకపోతే 2007 చట్టం ఉంది. వాళ్లు సొంతంగా పోలేకపోతే వాళ్ల తరఫున వేరేవాళ్లు కూడా ట్రిబ్యునల్‌లో దరఖాస్తు పెట్టొచ్చు. మానసిక జబ్బున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 101వ సెక్షన్‌లో ఉన్నది 'షల్'. చూసుకోవాల్సిన వాళ్లే ఆ మనిషిని హింస పెడుతున్నరనో, పట్టించుకోవడం లేదనో నమ్మే కారణం ఉంటే, ఎవరైనా సరే స్టేషన్‌లో చెప్పాలి. పోలీసులు మేజిస్ట్రేట్‌కు తెలపాలి. గొలుసు ఏ రూపంలోనైనా కట్టొద్దని 95వ సెక్షన్.

తమిళనాడు ఏర్వాడి గురించి కూడా ఆమెనే చెప్పింది. 2001 ఆగస్టు 6న అక్కడ మానసిక రోగులను పెట్టిన షెడ్డుకు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉన్నందుకు పారిపోలేక 28 మంది కాలిపోయిన్రు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే. మా కొట్టం మీద కప్పింది కూడా గడ్డే.

అయినా రెండు వారాలు ఊకున్న. 101వ సెక్షన్‌లో చెప్పకపోతే ఇంత శిక్ష అని పోక్సో లెక్క విడిగా రాసి లేదు, అది నాకు ఒక సాకు దొరికింది. అసలు భయం వేరే. మన తండాలకు పోలీసు జీపు వస్తే సారా కోసమే వస్తది, మీకు తెలుసు. నాయనకు ఫోన్ చేసి చెప్పిన. "వాన్ని జైల్లో పెడితే వీనికి రొట్టె ఎవరు పెడతరు రా?" అన్నడు. నా దగ్గర జవాబు లేదు. పసుపు బోర్డు కోసం 2019 ఎంపీ ఎలక్షన్‌లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసిన జాగ మాది. కాయితం పెట్టుడు ఇక్కడ కొత్త కాదు, సొంత కాకా మీద పెట్టుడే కొత్త.

నాయన అడిగిన ప్రశ్ననే మేడమ్‌ను అడిగిన, ఈసారి మా ఇంటి ముచ్చటే అని ఒప్పుకొని. చెప్పంగనే జైలు అని కాదంట. మేజిస్ట్రేట్ మనిషిని పిలిపించి, పరీక్ష కోసం పది రోజులు మించకుండా ఆస్పత్రిలో ఉంచమని ఆర్డర్ ఇయ్యొచ్చంట. మనం ఎస్టీలం కాబట్టి ఆదాయం ఎంతున్నా లాయర్ ఖర్చు లేదు. ఈ నంబర్లు రాసి పెట్టుకోండి: న్యాయసేవలు 15100, మానసిక ఆరోగ్యం టెలిమానస్ 14416, ముసలోళ్ల కోసం 14567.

న్యాయసేవల వాలంటీర్ అన్నను తోడు తీసుకొని స్టేషన్‌కు పోయిన. తెల్ల కాయితం మీద ఏడు లైన్లు రాసిన, చెయ్యి వణికి రెండుసార్లు చింపేసిన. "నువ్వేమైతవ్ ఆయనకు?" అని అడిగిన్రు. "కొడుకు వరుస" అన్న.

జీపు వచ్చిన రోజు నేను కూడా ఉన్న. తాళం తుప్పు పట్టి రాకపోతే వెల్డింగ్ షాపాయన్ను పిలిపించి కోయించిన్రు. గొలుసు తీసినంక కూడా చిన్న కాకా అది ఎంత పొడుగుండెనో అంత దూరమే నడిచిండు, మళ్లీ గుంజ దగ్గరికే వచ్చి కూసున్నడు. పెద్ద కాకా మీద కేసు పెట్టలే, వాంగ్మూలం రాసుకున్నరు. ఆయన నా దిక్కు ఒక్కసారే చూసిండు. "పెట్టె కొనిచ్చిన గదరా" అన్నడు.

హోలీకి తండాకు పోతే లెంగి పాడేటప్పుడు నన్ను ఎవరూ చెయ్యి పట్టి గుంజలే. ఓ మూలకు నిలబడి చూసి వచ్చిన. యాడి మాత్రం పోలెలు మూట కట్టిచ్చింది, ఏమీ అనలే.

చిన్న కాకా ఇప్పుడు మందులు వేసుకుంటున్నడు. పుండు మానింది. నిద్ర ఎక్కువ పోతడు, ఒక్కోరోజు మళ్లీ గొణుగుతడు. పింఛను సంగతి ఇంకా తేలలే. కూలికి పోయినప్పుడు ఆయన దగ్గర ఎవరు ఉండాలన్నదీ తేలలే. ప్రస్తుతానికి మా ముసలి నానీ కూసుంటున్నది.

మొన్న పెద్ద కాకీ ఫోన్ చేసింది, పెద్ద కాకాకు తెలవకుండా. ఆస్పత్రి చీటీ మీద తేదీ ఏముందో చదవరాలేదంట, ఫొటో పంపింది. మంగళవారం. "నువ్వు వస్తవా బేటా?" అని అడిగింది. ఆ రోజు నాకు ఇంటర్నల్ ఎగ్జామ్ ఉంది. సార్‌ను అడిగి తర్వాత రాస్త అని చెప్పిన.